చదవడం రానివాళ్ల దేశంలో రాజకీయ పాటల కాగితాలు ఎవరు కొన్నారు?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఎక్కువమందికి చదవడం రాదని పుస్తకాల్లో ఉంది, అదే కాలంలో రాజకీయ పాటలు కాగితాల మీద అచ్చయి వీధివీధినా అమ్ముడుపోయాయనీ ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి, ఆ కాగితాలు కొన్నది ఎవరు, వాటివల్ల ఎవరి అభిప్రాయమైనా మారిందా అని మీరు అడిగారు. అవి మన బుర్రకథల వంటివేనా అన్నది మీ చివరి సందేహం.

సూటి జవాబు చెబుతాను. రెండూ నిజమే. పాటలో సగమే కాగితం మీద ఉండేది. మిగతా సగం వినేవాళ్ల చెవుల్లో అప్పటికే ఉండేది. మాటలు కొత్తగా అచ్చయి వచ్చేవి, వరస మాత్రం అందరూ ఎరిగినదే. కాబట్టి గుంపులో ఒక్కరికి అక్షరాలు వస్తే చాలు, కాసేపటికి చుట్టూ ఉన్నవాళ్లందరికీ పాట వచ్చేసేది. ఇక అభిప్రాయాల సంగతికొస్తే, ఆ పాటలు ఎదుటి పక్షంవాళ్లను ఒప్పించాయని చెప్పడానికి ఆధారాలు చాలా తక్కువ. అప్పటికే ఒక పక్కకు మొగ్గి, ఆ మాట పైకి అనలేక ఉన్నవాళ్లకు, నలుగురితో కలిసి పలకడానికి అవి మాటలిచ్చాయి. నా దృష్టిలో అది చిన్న పనేమీ కాదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా కళాశాలల్లో ఇంగ్లిష్ సాహిత్య చరిత్ర బోధించాను. మొదటి సంవత్సరాల్లో ఈ పాటలను కవితల్లాగే పాఠం చెప్పేవాడిని, విద్యార్థులకు అవి చప్పగా అనిపించేవి. నిజం చెప్పాలంటే, కాగితం మీద చదివితే అవి చప్పగానే ఉంటాయి. ఒక ఏడు ఒక విద్యార్థిని 1640ల నాటి వరసను రికార్డింగు విని నేర్చుకుని వచ్చి తరగతిలో పాడింది. పాట ప్రతి కొందరి చేతుల్లోనే ఉంది. మూడో చరణానికి వచ్చేసరికి, ప్రతి లేనివాళ్లు కూడా చివరి పాదాన్ని ఆమెతో కలిసి అందుకున్నారు. మీ ప్రశ్నకు జవాబు నాకు ఆ రోజు కళ్లముందు కనిపించింది.

ముందుగా ఆ కాగితం ఎలా ఉండేదో చెప్పాలి. దాన్ని బ్రాడ్‌సైడ్ బ్యాలడ్ అంటారు. ఒక పెద్ద కాగితానికి ఒక వైపే అచ్చు ఉంటుంది, రెండో వైపు ఖాళీ. పైన పేరు, పేరు కింద "ఫలానా పాట వరసలో పాడవలెను" అని ఒక పంక్తి, ఆ కింద ఒకటి రెండు కొయ్య దిమ్మల బొమ్మలు, తర్వాత వరుసలుగా చరణాలు. స్వరాలు అచ్చువేయడం అరుదు, వేసే అవసరమూ లేదు. మన జాతరల్లో అమ్మే భజన పాటల పుస్తకాల్లో పాట పైన "వరుస" అని వేసి ఒక సినిమా పాట పల్లవి రాస్తారు చూడండి, పద్ధతి అచ్చం అదే. అందుకే బుర్రకథతో పోలిక నాకు అంతగా కుదరదనిపిస్తుంది. బుర్రకథకు కథకుడు, ఇద్దరు వంతలు, తంబుర, గుమ్మెటలు, ఒక రాత్రి కావాలి. దీనికి ఒక గొంతు, ఒక కాగితం చాలు. పైగా విన్నవాడు ఆ కాగితాన్ని కొని ఇంటికి తీసుకెళ్లి తానే పాడుకోవచ్చు.

ధర ఒక పెన్నీ, ఒక్కోసారి అర పెన్నీ. ఆనాడు కూలివాడికి రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు పెన్నీల దాకా గిట్టేది. అంటే రోజూ కొనగలిగినది కాదు, అలాగని అందనిదీ కాదు. 16వ శతాబ్దపు రెండో సగంలోనే సుమారు 3,000 వేర్వేరు పాటలు అచ్చయి ఉంటాయని పరిశోధకుల అంచనా. లండన్ బ్రిడ్జి మీది దుకాణాల్లోనూ, స్మిత్‌ఫీల్డ్ చుట్టుపక్కలా వీటిని టోకున తీసుకుని, ఆడవాళ్లు, మగవాళ్లు సంతల్లో, కూడళ్లలో పాడుతూ అమ్మేవారు. కొన్న కాగితం చాలాసార్లు గోడకెక్కేది. ఐజాక్ వాల్టన్ 1653లో చేపల వేట గురించి రాస్తూ ఒక మంచి మద్యశాల ఎలా ఉంటుందో వర్ణిస్తాడు: శుభ్రమైన గది, కిటికీల్లో లావెండర్, గోడల చుట్టూ అంటించిన ఇరవై బ్యాలడ్లు. అలాంటి గదిలో కూర్చుని తాగేవాళ్లలో ఒక్కడికి చదువొస్తే ఆ ఇరవై పాటలూ అందరివీ అవుతాయి.

అక్షరాస్యత అంకెల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 1640ల మొదట్లో మగవాళ్లలో సుమారు 30 శాతం, ఆడవాళ్లలో సుమారు 10 శాతం మాత్రమే సంతకం చేయగలిగారన్నది తరచుగా వినిపించే లెక్క. అది సంతకాల లెక్కే తప్ప చదువు లెక్క కాదు. ఆనాటి బడుల్లో ముందు చదవడం నేర్పి, ఆ తర్వాత చాలాకాలానికి రాయడం నేర్పేవారు. పేదింటి పిల్లలను ఈ రెండింటి మధ్యలోనే పనికి పంపేసేవారు. కాబట్టి వేలిముద్ర లాంటి గీత గీసినవాళ్లలో కూడా అచ్చక్షరాలు కూడబలుక్కోగలిగినవాళ్లు ఉన్నారు. పైగా పిల్లలు మొదట నేర్చింది దళసరిగా, కోణాలతో ఉండే "నల్ల అచ్చు" అక్షరాలనే. పాటల కాగితాల్లో ఎక్కువ భాగం ఆ అక్షరాల్లోనే అచ్చయ్యేవి. కాగితం ఎవరికోసమో తెలుసుకోవాలంటే అచ్చు తీరు చూడండి. 1670లు, 80లలో మంత్రుల పేర్లు దాచి ఎత్తిపొడిచే రాజకీయ వ్యంగ్యం చాలావరకు కొత్త రోమన్ అక్షరాల్లో, బొమ్మలు లేకుండా వచ్చింది. అది కాఫీ హౌసుల్లో కూర్చునేవాళ్ల కోసం. రాజుగారి విజయం, ద్రోహుల ఉరి లాంటి విషయాలు నల్ల అచ్చులో, బొమ్మలతో వచ్చేవి. ఈ గీత అన్నిచోట్లా కచ్చితంగా వర్తించదు గానీ, నాకు మాత్రం మొదటి ఆనవాలుగా ఎప్పుడూ పనికొచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి, వరసకు వస్తాను. ఇక్కడ కొంచెం ఓపికగా చదవమని మనవి.

1642లో రాజు చార్లెస్ 1కీ పార్లమెంటుకూ మధ్య యుద్ధం మొదలైంది. 1643లో మార్టిన్ పార్కర్ అనే పాటల రచయిత రాజపక్షం కోసం ఒక పాట కట్టాడు. దాని మకుటం "రాజు మళ్లీ తనది తాను ఏలుకునేనాడు" అన్న అర్థంలో ఉంటుంది. పాట ఎత్తుగడే జనం ఎరిగిన చోట మొదలవుతుంది: బుకర్ అనే పంచాంగకర్త పేరెత్తి, అతను రాజుల జాతకం ఏం చెప్పగలడని ప్రశ్నిస్తుంది. పంచాంగాలు కొనేవాళ్లూ ఈ పాటలు కొనేవాళ్లూ చాలావరకు ఒకరే కాబట్టి ఆ ఎత్తుగడ గురి తప్పలేదు. వరస సులువైనది, ప్రతి చరణమూ తిరిగి తిరిగి ఆ మకుటం దగ్గరికే వస్తుంది.

మూడేళ్ల తర్వాత, రాజు సైన్యం ఓడిపోయాక, అదే వరసలో ఇంకో కాగితం వచ్చింది. జార్జ్ థామసన్ అనే పుస్తకాల వ్యాపారి 1640 నుంచి 1661 దాకా లండన్‌లో అచ్చయిన చిన్నచిన్న ప్రచురణలను 22,000కు పైగా పోగుచేశాడు. చాలావాటి మీద అవి తన చేతికొచ్చిన తేదీని సిరాతో రాసుకునేవాడు. ఈ కాగితం మీద అతను వేసిన తేదీ 1646 ఏప్రిల్ 8. పాట పేరు "లోకం తలకిందులైంది". పార్లమెంటు కొత్త ఆరాధనా విధానంతో క్రిస్మస్‌ను పక్కనపెట్టిన కాలమది. పాట మొదటి మాట "నా మాట వినండి" అని. చదవండి అని కాదు. పాత క్రిస్మస్‌ను తన్ని ఊళ్లోంచి తరిమేశారని తర్వాత వాపోతుంది. చివరి చరణం యుద్ధవార్తలా నడుస్తుంది. క్రిస్మస్ నేజ్‌బీ యుద్ధంలో హతమైందట. దానధర్మం కూడా అక్కడే కూలిందట. కాల్చిన గొడ్డుమాంసం, ఖైమా కూరిన పిండివంట చచ్చిపోయాయట. పందికీ బాతుకూ కోడిపుంజుకూ శత్రువు ప్రాణభిక్ష పెట్టలేదట. నేజ్‌బీలో 1645 జూన్‌లో రాజు నిజంగానే ఓడిపోయాడు. ప్రాణభిక్ష అన్నది ఆ రోజుల్లో లొంగిపోయిన సైనికుల విషయంలో వాడే మాట. పండగ పూట ఖాళీగా ఉన్న పళ్లెం పక్కనే యుద్ధభూమిలో పడిన శవాలు కనబడేలా రాశాడు, ఆ రాసినవాడెవరో గానీ.

అయితే గమనించవలసింది ఇంకొకటి ఉంది. ప్రతి చరణం చివరా ఆ పాట "అయినా ఊరుకుందాం, కాలానికి వగచుదాం, లోకం తలకిందులైంది చూడండి" అంటుంది. కాగితం మీద చదివితే అది లొంగిపోయినవాడి నిట్టూర్పు. పాడితే సంగతి వేరు. ఏ చోట "లోకం తలకిందులైంది" అన్న మాట పడుతుందో, సరిగ్గా ఆ చోటే, ఆ స్వరాల మీదే, అంతకుముందు మూడేళ్లుగా "రాజు మళ్లీ తనది తాను ఏలుకునేనాడు" అని జనం పాడుకున్నారు. నోరు ఊరుకుందాం అంటుంటే చెవి రాజు తిరిగొస్తాడు అంటుంది. ఈ పాటను కాగితంగా మాత్రమే చూసే అధికారికి అందులో పట్టుకోవడానికి ఆ మాటే లేదు. ఆ మాటను వినేవాళ్లు తెచ్చుకున్నారు. రాజకీయ పాటల శ్రోతల గురించి ఎవరడిగినా నేను ఈ ఒక్క ఉదాహరణనే ముందుపెడతాను, ఎందుకంటే ఇక్కడ శ్రోత లేకపోతే పాటలో సగం అర్థం పోతుంది.

ఆ వరస అక్కడితో ఆగలేదు. 1660 మే 29న చార్లెస్ 1 కొడుకు చార్లెస్ 2 ప్రవాసం నుంచి తిరిగొచ్చి లండన్‌లో అడుగుపెట్టినప్పుడు అది విజయగీతమైంది. 1688లో జేమ్స్ 2 దేశం విడిచి పారిపోయాక, అదే మకుటం ప్రవాసంలో ఉన్న అతని స్టువర్టు వంశం వైపు తిరిగింది. 1714లో వేరే వంశపు జార్జ్ 1 గద్దెనెక్కిన తర్వాత దాన్ని వీధిలో పాడడం రాజద్రోహపు ఆనవాలైంది. రాజులు మారారు, "తనది" అన్న మాట మాత్రం మారలేదు. ఎవరి రాజు ఎవరో వినేవాడే నింపుకున్నాడు.

ఏలినవాళ్లకు ఈ సంగతి తెలుసు. పాట మీద భయం కూడా ఎక్కువగా వినేవాళ్ల గురించిన భయమే. 1596లో పంటలు పోయి ధాన్యం కరువైనప్పుడు, థామస్ డెలోనీ అనే పట్టునేత పనివాడు కరువు మీద ఒక పాట కట్టాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందు స్పెయిన్ నౌకాదళం ఓటమి మీద రాణిని పొగుడుతూ పాటలు రాసింది ఇతడే. కరువు పాటలో ఎలిజబెత్ రాణి తన ప్రజలతో ఎదురెదురుగా సంభాషిస్తుంది. లండన్ మేయర్ దీనిమీద మంత్రి బర్లీకి ఫిర్యాదు రాశాడు. అతని అభ్యంతరాలు రెండు: రాణి నోట అలా మాటలు పెట్టడం తగనిపని, ఇది విని పేదలకు అసంతృప్తి రేగవచ్చు. పేదలు దీన్ని చదువుతారా, వారికి చదువొచ్చా అన్న సందేహం ఆయనకు కలగలేదు. ఎలాగైనా వాళ్లకు చేరుతుందని ఆయనకు తెలుసు.

1641లో స్టార్ చాంబర్ న్యాయస్థానం రద్దవడంతో అచ్చు మీది పట్టు సడలింది. అంతకుముందు దాకా ప్రమాదకరమైన రాజకీయ పద్యాలు చాలావరకు చేతిరాత ప్రతుల్లోనే తిరిగాయి. 1628లో రాజు ఆంతరంగికుడైన బకింగ్‌హామ్ ప్రభువు హత్యకు గురైనప్పుడు అతన్ని తిడుతూ వచ్చిన పద్యాలు అలాగే చేయి మారాయి. అచ్చయినవి ఎక్కువగా విధేయత పాటలు. 1641 తర్వాత ఆ గోడ కూలింది. ఇది మరిచిపోయి "17వ శతాబ్దపు రాజకీయ పాటలు" అని అన్నింటినీ ఒకే గాటన కట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి మీరు కట్టకండి. రాజును ఉరుములా ఎదిరించిన పార్లమెంటు కూడా గెలిచాక పాటను భరించలేదు. 1649 సెప్టెంబరులో, చార్లెస్ 1 తల తీసిన ఎనిమిది నెలలకు, అది చేసిన ముద్రణ చట్టంలో పాటలు పాడి అమ్మేవాళ్లను పట్టుకుని శిక్షాగృహానికి పంపి కొరడా దెబ్బలు కొట్టించాలని ఉంది. రాసినవాడు, అచ్చువేసినవాడే కాక పాడినవాడు కూడా నేరస్థుడే అన్నమాట.

ఇంకా కఠినమైన ఉదంతం స్టీఫెన్ కాలేజ్‌ది. అతను వడ్రంగి, కాథలిక్ వారసుణ్ణి, అంటే రాజు తమ్ముడు జేమ్స్‌ను, గద్దెనెక్కనివ్వకూడదన్న పక్షంవాడు. 1681లో చార్లెస్ 2 పార్లమెంటును లండన్ నుంచి ఆక్స్‌ఫర్డుకు తరలించినప్పుడు, రాజును వీపున పెట్టె మోసుకుని ఊరూరా తిరిగి బొమ్మలు చూపించేవాడిగా, ఆ పెట్టెలో పార్లమెంటు ఉన్నట్టుగా చిత్రించిన పాట ఒకటి వచ్చింది. కాలేజ్ మీద రాజద్రోహం కేసు పెట్టారు. లండన్ జ్యూరీ కేసును తోసిపుచ్చింది; ఆక్స్‌ఫర్డులో మళ్లీ విచారించి, ఆ పాటను కూడా అతని మీద సాక్ష్యంగా తెచ్చారు. 1681 ఆగస్టు 31న ఉరితీశారు. ఆ కాగితాన్ని చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. దానిమీద అంత హాస్యం ఉంది.

పాట వల్ల ప్రభుత్వం పడిపోయిందా? ఈ ప్రశ్న వచ్చినప్పుడు అందరూ చెప్పేది "లిల్లిబులెరో" గురించి. 1687లో జేమ్స్ 2 కాథలిక్ అయిన టిర్కనెల్ ప్రభువును ఐర్లండుకు ప్రతినిధిగా పంపాడు. దాన్ని ఎద్దేవా చేస్తూ థామస్ వార్టన్ కట్టినదని చెప్పే ఈ పాట 1688 చివర్లో దేశమంతా పాకింది. సైన్యమంతా, చివరికి పట్నాల్లో పల్లెల్లో జనమంతా దాన్నే అదేపనిగా పాడారని, ఇంత అల్పమైన వస్తువు ఇంత ప్రభావం చూపడం బహుశా ఎన్నడూ లేదని బిషప్ బర్నెట్ రాశాడు. మకుటం ఇంగ్లిష్ శ్రోతకు అర్థంలేని శబ్దాల వరస, కాబట్టి ఎవరైనా అందుకోవచ్చు. సంగీతకర్త పర్సెల్ పేరుతో 1689లో ఆ వరస అచ్చయింది కూడా.

బర్నెట్ మాటను నేను కొట్టిపారేయను, అలాగని పూర్తిగా ఒప్పుకోను. ఆయన గెలిచిన పక్షంవాడు, జేమ్స్ స్థానంలో రాజైన విలియంతో పాటు ఓడలో వచ్చినవాడు. 1688 నవంబరు 5న విలియం సైన్యంతో టోర్‌బేలో దిగకపోతే, జేమ్స్ అధికారులు ఒక్కొక్కరే అతన్ని వదిలిపోకపోతే, ఎంత పాడినా ఏమీ జరిగేది కాదు. పాట చేసిందేమిటంటే, పక్కవాడు కూడా తనలాగే అనుకుంటున్నాడని ప్రతి సైనికుడికీ తెలియజేసింది. రాజును తిడితే శిక్ష. ఈలగా వేస్తే ఎవడూ ఏమీ చేయలేడు. ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ పాట ఐరిష్ కాథలిక్కుల యాసను వెక్కిరించి, వాళ్లమీది ద్వేషాన్ని ఊతంగా చేసుకుని నడిచింది. జనం పాడారు కాబట్టి జనహితమైన పాట అనుకోవడం పొరపాటు.

అలాగే, అచ్చులో ఉన్నదల్లా పల్లెజనం నమ్మేశారని అనుకోకండి. దీనికి షేక్స్‌పియర్ నాటకంలో, 1611 ప్రాంతంలో, ఒక గొర్రెలకాపరి పిల్ల "అచ్చయిన పాటంటే నాకిష్టం, అచ్చులో ఉంటే అది నిజమేనని తెలుస్తుంది" అన్న మాటను ఆధారంగా చూపిస్తారు. అది నగరంలో ప్రేక్షకులను నవ్వించడానికి రాసిన మాట. పల్లెవాళ్లు ఏమనుకున్నారో చెప్పే సాక్ష్యంగా దాన్ని నేను ఎప్పుడూ వాడను.

చివరగా, మనకు మిగిలిన కాగితాల గురించి ఒక హెచ్చరిక. న్యాయవేత్త జాన్ సెల్డెన్ ఈ పాటలను పోగుచేసేవాడు; గాలిలోకి ఒక గడ్డిపోచ ఎగరేస్తే గాలివాటం తెలుస్తుంది, రాయి విసిరితే తెలియదు, కాలం రంగు చూపించడంలో ఈ పాటలు ఆ గడ్డిపోచ లాంటివి అన్నాడు. ఆయన మొదలుపెట్టిన సేకరణను, దినచర్య రాసి పేరుపొందిన నౌకాదళ అధికారి సామ్యుయెల్ పీప్స్ పెంచి 1,800కు పైగా పాటలను ఐదు సంపుటాల్లో అంటించాడు. అవి ఇప్పుడు కేంబ్రిడ్జిలోని మాగ్డలీన్ కళాశాలలో ఉన్నాయి. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, పలుకుబడి ఉన్నవాళ్లు. అంటే నేడు మనం చూసే కాగితాల్లో అధికభాగం, వాటిని పాడుకున్నవాళ్ల చేతుల నుంచి మనకు వచ్చినవి కావు. మద్యశాల గోడ మీద పొగకు నల్లబడ్డవి, జేబులో మడతపడి చిరిగినవి, పొయ్యి రాజేయడానికి పోయినవి మనకు లేవు. ఎంత ఎక్కువగా వాడితే అంత త్వరగా నశించాయి. ఒక పాటకు ఒక్క ప్రతే మిగిలిందంటే దాన్ని ఎవరూ పట్టించుకోలేదని అర్థం కాదు. తర్వాతి ఇరవై ఏళ్లలో ఎన్ని కొత్త పాటల మీద "ఈ వరసలో" అని దాని పేరు పడిందో లెక్కపెట్టండి.

మీరు స్వయంగా చూడదలిస్తే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరాలోని ఇంగ్లిష్ బ్రాడ్‌సైడ్ బ్యాలడ్ ఆర్కైవ్‌లో కాగితాల బొమ్మలతో పాటు చాలా పాటల గానం కూడా ఉచితంగా దొరుకుతుంది. ముందు పార్కర్ పాట వరసను, మకుటం నోటికొచ్చేదాకా, నాలుగైదుసార్లు వినండి. ఆ తర్వాత 1646 నాటి క్రిస్మస్ పాట కాగితాన్ని తెరిచి, ఆ వరసలో మీరే పైకి పాడి చూడండి.